చిలకపచ్చ కింద పావురం రంగు

19 జనవరి 2025, ఆదివారం

పొద్దుగాల ట్రాక్టరుకు మోకు కట్టి గుంజుకొచ్చిన్రు. అంబాసిడర్, మార్క్ టూ, 1966ల రిజిస్టర్ అయిన బండి. నాచుపల్లి ఇంజనీరింగ్ కాలేజీల పాఠం చెప్పే సార్‌ది. వాళ్ల తాత 1974ల సెకండ్ హ్యాండ్‌కు కొన్నడు. 22 ఏండ్లు బర్ల కొట్టంల నిలబడ్డది. బాడీ పని, రంగు పని అయిపోయినయ్. ఇంజన్ ఇంకా కరీంనగర్‌ల విప్పి ఉన్నది. లోపలి పని నాది.

నా షెడ్డుకు వచ్చేవి ట్రాక్టర్ సీట్లు, ఆటో టాపులు, బుల్లెట్ సీట్లు, ఎప్పుడన్న ఒక పెండ్లి సోఫా. అంబాసిడర్‌ల కూసోక 15 ఏండ్లాయె. తలుపు తీసి కూసున్న. ముందు సీటు ఈ తలుపుకెల్లి ఆ తలుపు దాక ఒక్కటే, మంచం లెక్క. స్టీరింగ్ కిందనే గేరు కట్టె. ఎడమ కాలు కాడ నేల మీద డిమ్ము డిప్పు గుండీ. ముందు తలుపులకు మూడు మూలల చిన్న అద్దం. అది జర తిప్పితే గాలి సీదా మెడ మీద కొడుతది, ఏసీ గీసీ దాని ముందట ఎందుకూ పనికిరాదు. ఎలుకల వాసన, పేడ వాసన, వాటి కింద ఇంకో వాసన: ముక్కిన కొబ్బరి పీచు. కండ్లు మూస్తే జగిత్యాలల బాపు దుకాణమే.

సార్ ఒక ఫైలు తెచ్చిండు. 2021ల కేంద్రం తెచ్చిన వింటేజ్ బండ్ల రూల్సు. 50 ఏండ్లు దాటాలె, చాసిస్ గాని బాడీ గాని ఇంజన్ గాని మార్చి ఉండొద్దు. కొత్తగ రిజిస్టర్ చేస్తే 20,000 రూపాయలు, పదేండ్ల దాక చెల్లుతది. నంబర్ ప్లేట్ మీద రాష్ట్రం అక్షరాల పక్కన 'వీఏ' అని వస్తది. రోజూ తిప్పుకునే బండి గాదు, కిరాయికి అసలే ఒద్దు.

"సీటు గుడ్డ గురించి సర్కారుకు పట్టదు సార్," అన్న.

"సర్కారుకు పట్టదు మేస్త్రీ, నాకు పడుతది. 1966ల ఎట్లుండెనో అట్ల కావాలె. ఒక్క గుండీ తేడా రావద్దు."

నవ్వొచ్చింది. ఈ బండిదీ నాదీ ఒకటే ఈడు. 1974ల దీని సీట్లు కుట్టింది మా బాపే. పక్కన కూసోని బీడింగు పట్టుకున్నది నేనే. 1966ల ఎట్లుండెనో నన్ను అడగాలె గని, ఫైలునెందుకు అడుగుడు? చిలకపచ్చ రెగ్జిన్. ఉన్న రంగు ఉన్నట్టే వేసిండు బాపు.

24 జనవరి, శుక్రవారం

ముందు సీటు విప్పిన. ఉల్లిగడ్డ ఒలిచినట్టే.

అన్నిటికన్న మీద మెరూన్ మఖ్మల్, ఎవరి పెండ్లికో వేసిన్రు. దాని కింద గోధుమ రంగు రెగ్జిన్, అండ్ల ఫోము. చేతితోని ముట్టుకుంటే పసుప్పచ్చ పిండి లెక్క రాలుతున్నది. ఆ రెండిటికీ నైలాన్ దారం, గబగబ కుట్టిన కుట్టు, ఇంచుకు నాలుగైదు టాకాలు. దాని కింద బాపు కుట్టిన పచ్చ. దాని దారం నూలుది, మైనం రుద్దింది. 50 ఏండ్లయినా పట్టి గుంజితే తెగలే. ఇంచుకు ఏడు టాకాలు; స్కేలు పెట్టి మూడు జాగల లెక్కపెట్టిన, ఏడే. పచ్చ కింద గోనెపట్ట, పీచు, స్ప్రింగులు. స్ప్రింగులు రెండు తప్ప అన్నీ మంచిగున్నయ్.

మంది ఎప్పుడూ ఇంతే. పాతది తీయించరు, పైకెల్లి తొడిగియ్యమంటరు. పైసలు తక్కువైతయ్. ఈ కక్కుర్తి వల్లనే ఇయ్యాల నాకు నాలుగు కాలాలు ఒక్క సీటుల దొరికినయ్.

సీటు సందుల దొరికినవి: తల పిన్నులు ఆరు, బీడీ ముక్కలు, చింతగింజలు, ఎండిన కొబ్బరి ముక్క (కొండగట్టు గుడిదే, ఇంకేడిది), గాజు పెంకు. పచ్చ రెగ్జిన్ కింద, గోనెపట్ట మీద ఇరుక్కోని మూడు పైసల బిళ్ల. ఆరు మూలల అల్యూమినియంది. 1967 అని ఉంది. ఇప్పటి పిల్లలకు మూడు పైసల బిళ్ల ఉండెనంటే నమ్మరు. డబ్బల వేసి పెట్టిన.

2 ఫిబ్రవరి, ఆదివారం

ఇయ్యాల చేసిన పనికి నా చెంప నేనే కొట్టుకోవాలె.

కుడి దిక్కు వెనుక తలుపు ప్యాడు. అద్దం దించే హ్యాండిల్ తీస్తే దాని బిళ్ల కింద రూపాయంత జాగ ఎండ తగలకుండ ఉన్నది. ఈ ప్యాడ్‌కు బాపు పచ్చ వేయలే, మీదికెల్లి గోధుమ రంగు ఒక్కటే ఉండె, అది ఒలిచిన. కింద ఉన్నది నల్లగ జిడ్డు పట్టింది. అసలు రంగు తేలాలంటే ఆ రూపాయంత జాగనే సాక్ష్యం. అలవాటు ప్రకారం గుడ్డకు థిన్నర్ అద్ది ఒక్క తుడుపు తుడిచిన. జిడ్డు పోయింది, రంగూ పోయింది. ఉత్త నూలు బట్ట కనపడ్డది.

రెగ్జిన్ అంటే ఇంగ్లండుల ఒక కంపెనీ పేరు. మనకు అది వస్తువు పేరే అయింది, డాల్డా లెక్క. నూలు బట్ట మీద పూత, ఆ పూతనే చర్మం. థిన్నర్ పూతను తింటది. ఈ సంగతి నాకు పదేండ్ల వయసుకే తెలుసు. తెలిసి చేసిన. ఆటో టాపు మీది గ్రీజు మరక తుడిచే చేయి, అది ఆలోచన చేసేదాక ఆగదు.

గుడ్డకు అంటిన రంగు పచ్చగ లేదు. మురికి నీలం లెక్కున్నది. జిడ్డు వల్లనేమో.

గోడ మీద సుద్దతోని రాసి పెట్టిన: ముందు ఉత్త నీళ్లు. తర్వాత సబ్బు నీళ్లు. థిన్నర్ నన్ను అడిగినంకనే.

సార్‌కు చెప్పిన. కోపం చేయలే. కోపం చేస్తెనే మంచిగుండు.

5 ఫిబ్రవరి, బుధవారం

రాత్రి పదకొండయింది. నిద్ర పట్టక రాస్తున్న.

ఎడమ వెనుక తలుపు ప్యాడు విప్పిన. దీనికి బాపు పచ్చ ఉన్నది. ప్యాడు అంటే ఒక అట్ట. రెగ్జిన్‌ను ముందట పరిచి, అంచులు వెనుకకు మడిచి, సులేషన్‌తోని అంటిస్తరు. బాపు పచ్చ వేసేటప్పుడు ముందటి పాత రెగ్జిన్‌ను బ్లేడుతోని కోసి తీసిండు గని, వెనుకకు మడిచిన అంచులు అట్లనే ఉంచిండు. వాటిని పీకితే అట్ట చినుగుతది, ఎవడైనా ఉంచుతడు. ఆ అంచులు వేలెడు వెడల్పు, చుట్టూరా. ఎండ చూడలే, చేయి తగలలే. నీళ్ల గుడ్డతోని మెల్లగ తుడిచిన.

పావురం మెడ రంగు. బూడిద రంగుల నీలం కలిసినట్టు.

పచ్చ గాదు.

కూసోని చానసేపు చూసిన. మొన్నటి గుడ్డకు అంటిన మురికి నీలం మురికి గాదు. 1967 మూడు పైసల బిళ్ల పచ్చ రెగ్జిన్ కింద దొరికింది. పచ్చ 67 తర్వాత వేసిందే, 1966 రంగుకు అది సాక్ష్యం గాదు. బిళ్ల 12 రోజుల కిందనే చెప్పింది, నేను వినలే. నా యాదిల ఉన్నది కంపెనీ రంగు గాదు, బాపు రంగు. ఎనిమిదేండ్ల పోరడు కండ్ల ముందట ఏదుంటే అదే మొదటిది అనుకున్నడు.

అట్ట వెనుక పెన్సిల్ రాత ఉంది. బాపు చేతిరాత, 'డ' తోక పొడుగు: 'ఎడమ వెనుక, 14-6-74'. దానికి పైన, ఇంకా పాత పెన్సిల్‌తోని, ఒక అంకె. మనది గాదు, ఇంగ్లీషుది గాదు. ఫోటో తీసి సార్‌కు పంపిన. ఆయనతోని పనిచేసేటాయన ఒకరు కలకత్తా దిక్కు మనిషట. చూసి బెంగాలీ ఏడు అన్నడట.

ఉత్తరపార! 1957ల ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ అచ్చుతోని అంబాసిడర్ పుట్టింది ఆడనే. 2014 మే నెలల తాళం పడే దాక అక్కడనే చేసిన్రు. ఆ షెడ్డుల ఒకాయన ఈ అట్ట చేతుల పట్టుకోని ఏడు వేసిండు. ఏడో ప్యాడో, ఏడో బండో, తన గుర్తో. ఎనిమిదేండ్లకు బాపు దాని కింద తారీఖు వేసిండు. ఆయన అంకె మీద మాత్రం రాయలే, పక్కకు జరిగి రాసిండు.

8 ఫిబ్రవరి, శనివారం

రంగు పంచాయితీ. సార్, నేను, ఈ బండి నడిపిన పాత డ్రైవర్ కాక. కాకకు 80 దాటినయ్.

"లాల్ సీట్లు పటేలా," అన్నడు కాక. "పక్కా లాల్. మీద తెల్ల గుడ్డ కవర్లు. నేను ఉతికిన గదా."

లాల్ ఏ కాలందో నాకు ఏ పొరలా దొరకలే. మెరూన్ మఖ్మల్‌నే అంటున్నట్టున్నడు. గని తెల్ల కవర్ల ముచ్చట నిజం. సార్ దగ్గర ఒక నలుపు తెలుపు ఫోటో ఉంది, మొదటి ఓనరు బండి ముందట నిలబడ్డది. అద్దంలకెల్లి సీటు మీది తెల్ల గుడ్డ కనపడుతది. ఫోటోల రంగు తెలియదు, గుడ్డ లేని కాడ చారలు తెలుస్తయ్. కాక ఒకటి, అట్ట ఒకటి, నేను ఒకటి, మూడు రంగులు చెప్పినం. అన్నిటికన్న నమ్మకంగ చెప్పింది నేనే, జనవరిల.

సార్ ఇంకో కాగితం తీసిండు. పాత బండ్లకు ఒక అంతర్జాతీయ సంఘం ఉంది, ఫీవా అంటరు. అదీ 1966లనే పుట్టింది. 2012ల వాళ్లు టూరిన్ చార్టర్ అని ఒకటి పాస్ చేసిన్రు. సార్ చదివి తెలుగుల చెప్పుకుంట పోయిండు. బండి పనిచేసిన రోజులల్ల దానికి జరిగిన మార్పులు కూడ దాని చరిత్రనేనట. ప్రతి బండినీ ఫ్యాక్టరీల పుట్టిన రోజుకు తీసుకపోవుడే పని గాదట. కొత్తగ పెట్టిన భాగాలకు గుర్తు వేయాలెనట.

"అట్లయితే సార్, పచ్చ కూడ చరిత్రనే," అన్న. నా గొంతుల ఆశ నాకే వినపడ్డది.

సార్ తన కాగితంల తానే ఇరుక్కున్నడు. ఫైలు మూసి, "నువ్వే చెప్పు మేస్త్రీ, నేను ఏం మాట్లాడను," అన్నడు.

చాయ తాగి వచ్చినం. అప్పటికి నేను ఒక దారికి వచ్చిన. సీట్ల పచ్చ చినిగి, పూత పగిలి, పట్టుకుంటే పెళ్లలు రాలుతున్నది. దాన్ని ఉంచలేం. ఉంచలేనప్పుడు కొత్తది కుట్టాలె. కొత్త పచ్చ కుడితే అది బాపు పని గాదు, బాపు పనికి వేషం. ఎట్లన్న కొత్తది కుట్టేదే అయితే మొదటి సాక్ష్యం ఏది చెప్తే అది కుట్టాలె: పావురం రంగు. గని వెనుక అద్దం కింది పలక మీద బాపు పచ్చ చెక్కుచెదరలే. ఆ పొడుగునా ఎవరో చాప పరిచిన్రు, ఎండ తగలలే. అది తీసేది లేదు. గట్టిగున్నదాన్ని ఉండనియ్యాలె, కూలినదాన్ని మొదటికి పోయి కట్టాలె.

"అంటే బండ్ల రెండు కాలాలు ఉంటయ్ గదా?" అన్నడు సార్.

"ఉన్నయ్ సార్. నేను పెట్టలే."

కాక మాత్రం పోయేటప్పుడు మళ్లా చెప్పిండు, లాల్ అని.

17 ఫిబ్రవరి, సోమవారం

హైదరాబాద్. పొద్దుగాల జేబీఎస్‌ల దిగి సీదా రాణిగంజ్ పోయిన. జేబుల అగ్గిపెట్టె, అండ్ల అట్ట అంచుకెల్లి కోసిన రెగ్జిన్ ముక్క, నా చిటికెన వేలంత.

ఇప్పటి రెగ్జిన్‌లు మెరుస్తయ్. గ్రెయిన్ లోతుగ అచ్చుకొట్టి, దోసకాయ తోలు లెక్క. నా ముక్క మీది గ్రెయిన్ సన్నగ, అరచేతి గీతల లెక్క. ఎనిమిది దుకాణాలు తిరిగిన. ఐదో దుకాణంల దొరికిందనుకున్న. ట్యూబ్ లైటు కింద ముక్కా రోలూ ఒక్కటే. దుకాణందారు, "అరే భాయ్, సేమ్ టు సేమ్," అని కత్తెర తీసిండు. ఆగుమని రోలును ఎత్తుకోని సడక్ మీదికి తెచ్చిన. ఎండల పెట్టిన. నా ముక్క పావురం, రోలు ఉక్కు. లైటు కింద కవల పిల్లలు, ఎండల పక్కింటోళ్లు. దుకాణందారు ముఖం ముడుచుకున్నడు. రంగు పట్టేటోడు ఒక్క వెలుతురును నమ్మొద్దు.

ఎనిమిదో దుకాణంల బస్సు సీట్లకు వేసే సాదా సరుకు. ఎవరూ అడగని మూలకు పడి ఉన్నది. సన్న గ్రెయిన్, మెరుపు లేదు. ఎండల, నీడల, బల్బు కింద మూడు జాగల చూసిన. అచ్చం గాదు, జరంత లేత. కొత్తల ఆ ముక్క కూడ జరంత లేతగనే ఉండి ఉంటది. 12 మీటర్లు కొన్న.

బస్సుకు టైమున్నది, చౌమహల్లా పోయిన. నిజాం రోల్స్ రాయిస్ చూసుడు ఎప్పటికెల్లో అనుకుంటున్న. పసుప్పచ్చ సిల్వర్ ఘోస్ట్, 1912ది, బాడీ బార్కర్ కంపెనీది. చేయించుకున్నది ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా. బండి వచ్చేటాల్లకు ఆయన లేడు, 1911లనే పోయిండు. వెనుక సీటు గద్దె లెక్క ఎత్తుగ ఉంటది. తాడు ఇవతల నిలబడి కుట్టు చూద్దామని మెడ సాగదీసిన, కావలాయన చూసి దగ్గిండు.

చూసుకుంట ఒకటి అనిపించింది. ఊరేగింపులకు తప్ప తిరగని బండి. కొన్ని వందల మైళ్లే తిరిగిందంటరు. దాన్ని ఉన్నట్టు ఉంచుడు పెద్ద కష్టం గాదు, ఎవడూ కూసోలే గదా. మా అంబాసిడర్ల దుబాయి పోయేటోళ్లు ఏడ్చుకుంట కూసున్నరు, బాలింతలు కూసున్నరు, ఎలక్షన్ల జెండాలు పట్టుకోని ఎనిమిది మంది కూసున్నరు. అందుకే దానికి నాలుగు పొరలు.

2 మార్చి, ఆదివారం

వేములవాడ మీదికెల్లి సిరిసిల్ల. టాప్ లైనింగ్ కోసం.

లోపలి కప్పుకు ఈ బండ్ల బట్ట వేసి ఉన్నది, రెగ్జిన్ గాదు. వెనుక మూలకు మంచి ముక్క దొరికింది. బట్ట చూసే భూతద్దం పెట్టి లెక్కపెడితే ఇంచుకు నిలువు పోగులు 44, అడ్డం పోగులు 38. దొడ్డు నూలు, సాదా నేత. బజార్ల ఇట్లాంటిది లేదు, అన్నిట్ల పాలిస్టర్ కలుస్తున్నది. పాలిస్టర్ బట్ట కప్పుకు గట్టిగ గుంజి కడితే డోలు లెక్క బిగుసుకుంటది. నూలు బట్ట జరంత ఒదిగి ఉంటది. కూసున్నోడు పైకి చూడకున్నా తేడా తెలుస్తది.

సిరిసిల్లల ఒక సాంచాల ఆసామిని అడిగిన. నవ్విండు. బీము ఒకసారి ఎక్కిస్తే వందల మీటర్లు దిగాలె, అప్పుడే గిట్టుబాటు. 2017 సంది బతుకమ్మ చీరలు నేసిన ఊరాయె, లక్షల లెక్కలు వాళ్లవి. "ఐదు మీటర్లకు ఎవడు బీము కడుతడే!" నిజమే గదా. చేతి మగ్గం ఇంకా నడిపే ఒక తాత ఉన్నడని ఆసామే తొవ్వ చూపిండు.

తాత ముక్కను ముట్టుకున్నడు, పండ్ల సందుల పెట్టి ఒక పోగు గుంజిండు, నోట్లనే తడిపి పేనిండు. "ఇది సింగల్ నూలు గాదు కొడుకా, రెండు కలిపి పేనింది. దాని కోసమే ఇంత బలం." భూతద్దంల నాకు కనపడనిది ఆయన నాలుకకు తెలిసింది. నేను లెక్కపెట్టింది పోగులను, ఆయన చూసింది పోగు లోపల.

"అగ్గిపెట్టెల పట్టే చీర నేసిన ఊరు తాతా మీది, ఇది ఒక లెక్కనా," అన్న. మెప్పులకు పడే మనిషి గాడు. సగం పైసలు ముందు అడిగిండు. ఇచ్చిన.

11 మార్చి, మంగళవారం

బట్ట వచ్చింది. తెల్లటి తెలుపు గాదు, గంజి రంగు. సార్ చూసి, "దీన్ని చాయ నీళ్లల్ల ముంచితే పాతగ కనపడదా?" అన్నడు.

ఒద్దన్న. "1966ల ఎట్లుండెనో అట్ల కావాలన్నరు. 1966ల ఇది కొత్తది సార్. 59 ఏండ్ల పొగ మీకు కావాలంటే 59 ఏండ్లు ఆగాలె."

ఒప్పుకున్నడు. చాయ తాగేటోళ్లం తాగినం.

14 మార్చి, శుక్రవారం

హోళీ. బండి మీద టార్పాలిన్ కట్టి పొద్దంత కావలి కూసున్న. మా ఇంటామె అన్నది, మన పెండ్లి నాడు కూడ నువ్వు గింత పదిలంగ లేవని.

30 మార్చి, ఆదివారం

ఉగాది. పండుగ నాడు మిషన్ తొక్కొద్దంటది అవ్వ. మధ్యాహ్నం ఆమె పండుకున్నంక తొక్కిన.

ముందు సీటు ముఖం అయింది. కొత్త రెగ్జిన్ మీద చారలు వేసుడే అసలు పని. ఎన్ని చారలు, ఎంత ఎడం? పాత ఫోటో సంఖ్య చెప్పింది. ఎడం చెప్పింది బాపు పచ్చ. పచ్చ వెనుక గుడ్డ మీద రెండు వరుసల సూది రంధ్రాలు ఉన్నయ్. ఒకటి బాపు కుట్టింది, ఇంకోటి కుట్టు లేని ఉత్త వరుస. ఆ ఉత్త వరుస ఏందో రెండు రోజులు తెలియలే. ఇయ్యాల తట్టింది. బాపు కంపెనీ ముఖాన్ని విప్పి, పచ్చ మీద పరిచి, దబ్బనం మొనతోని ప్రతి చార కాడ పొడిచి గుర్తులు వేసుకున్నడు. టేపు పట్టలే. పాతదాన్నే టేపు చేసుకున్నడు. రంగు మార్చిండు గని కొలత మార్చలే.

నేనూ అట్లనే చేసిన. పచ్చను పావురం మీద పరిచి, ఆ ఉత్త రంధ్రాలలకెల్లి దబ్బనం దించిన.

దారం నూలుదే, మైనం నేనే రుద్దిన. నైలాన్ బలంగనే ఉంటది, కాదనను. గని రెగ్జిన్ కన్న దారం గట్టిదైతే, ఇరవై ఏండ్లకు దారం రెగ్జిన్‌ను కోస్తది. నూలైతే ముందు తానే తెగుతది. తెగిన దారం మళ్లా కుట్టొచ్చు, కోసుకపోయిన రెగ్జిన్‌ను ఏం కుడుతం?

టాకాలు ఇంచుకు ఏడు.

9 ఏప్రిల్, బుధవారం

ఇగ చిల్లర పనులు. చిల్లర అంటరు గని, కండ్లు ఆగేది ఆడనే.

స్క్రూలు: విప్పని జాగలల్ల అన్నీ ఒంటి గాటు స్క్రూలే దొరికినయ్. తర్వాత తర్వాత విప్పిన జాగలల్ల స్టార్ స్క్రూలు వచ్చినయ్. తలుపు ప్యాడ్లకు, రూఫ్ బత్తికి, అడుగు పట్టీలకు అన్నిటికీ మళ్లా గాటువే పెట్టిన. 46 స్క్రూలు, నాలుగు దుకాణాలు. సార్ యూట్యూబ్‌ల చూసి అన్ని గాట్లు ఒక్క దిక్కుకు తిరిగి ఉండాలన్నడు. ఫ్యాక్టరీల అట్ల ఎవడు తిప్పుతడు? బిగిసిన కాడ ఆగుతది. బిగిసిన కాడనే ఉంచిన.

చోక్ గుండీ ఒకటి పోయింది. సార్ ఇంగ్లండుకెల్లి మోరిస్ గుండీ తెప్పించిండు. ముద్దుగున్నది, పక్క గుండీల కన్న రెండింతల మెరుపు. ఐదుగురు ముసలోళ్ల నడుమ పెండ్లికొడుకు. సన్న నీళ్ల కాగితంతోని మెరుపు జర తీసిన. పాతగ చేయొద్దని చాయ నీళ్ల కాడ నేనే అన్న, ఇప్పుడు నేనే చేసిన. అన్నీ కొత్తవైతే కొత్తగ ఉండాలె, పక్కన పాతవి ఉంటే వాటితోని కలిసి ఉండాలె. ఒక్క రూలు అన్ని జాగలల్ల పనిచేయదు.

దుబాయికెల్లి కొడుకు రూఫ్ బత్తికి ఎల్ఈడీ బల్బు పంపిండు. మంచిది, తెల్లగ వెలుగుతది, పావురం రంగును ఉక్కు రంగు చేస్తది. నా షెడ్డుల పెట్టుకున్న. బండికి పాత పసుప్పచ్చ వెలుతురు బల్బే.

సార్ భార్య బెల్టులు లేవని భయపడ్డది. ఆ కాలపు బండికి లేవు. డిక్కీల పాటల పెట్టె దాచి పెట్టుకుంటరట, అది మాత్రం సార్‌కు చరిత్రకు అడ్డం రాలే.

ప్యాడ్లు బిగించే ముందు అట్టల వెనుక పెన్సిల్ పట్టిన. బెంగాలీ ఏడు, బాపు తారీఖు, దాని కింద 9-4-25. నేనూ ఎవరి మీదా రాయలే.

15 ఏప్రిల్, మంగళవారం

ఇంజన్ పెట్టి మూడు రోజులాయె. ఇయ్యాల కొండగట్టుకు పూజకు పోయినం. సార్ నడిపిండు, పక్కన నేను, వెనుక సార్ వాళ్లమ్మ, డ్రైవర్ కాక.

ఘాట్ దిక్కు బోర్డు కనపడంగనే బండ్ల మాటలు ఆగిపోయినయ్. 2018 సెప్టెంబర్ 11. బస్సు లోయల పడ్డది, 60 మందికి పైగ పోయిన్రు, ఎక్కువ మా మండలం ఊర్లోళ్లే. ఆ బోర్డు దాటేదాక ఎవరం ఏం అనలే. ఈ దిక్కు మనుషులు ఆడ మాట్లాడరు.

గుడి కాడ మస్తు కోతులు. ఒకటి బానెట్ మీద కూసోని మూడు మూలల అద్దం రబ్బరు పట్టి గుంజింది. కాక కట్టె తీసుకోని ఉరికిండు. రబ్బరు బతికింది. పూజారి నిమ్మకాయలు కట్టి, బొట్లు పెట్టి, హారతి ఇచ్చిండు.

సార్ వాళ్లమ్మ బండి ఎక్కేటప్పుడు ఒక్క క్షణం ఆగి లోపలికి చూసింది. "గీ సీట్లు పచ్చగుండె గదా! నేను అత్తగారింటికి వచ్చింది పచ్చ సీట్ల మీదనే."

వెనుక అద్దం కింది పలక చూపించిన. వంగి చూసి, "ఆ, గదే," అని ముట్టింది.

"లాల్ ఉండె," అన్నడు కాక వెనుక సీటుకెల్లి.

ఆమె చేతికి పూజ పసుపు ఉన్నది. కూసునేటందుకు ఆసరాకు సీటు మీద చేయి ఆనించి లోపలికి జరిగింది. లేచినంక చూస్తే పావురం రంగు మీద ఐదు వేళ్లూ అచ్చుపడ్డయ్. సార్ అద్దంలకెల్లి చూసిండు. ముఖం తెల్లబోయింది గని తల్లి ముందట ఏం అనలే.

రాత్రికో రేపు పొద్దుగాలో ఫోన్ చేస్తడు. సబ్బు పెట్టొద్దని ముందే చెప్పాలె, సబ్బు తగిలితే పసుపు ఎర్రగ తిరుగుతది. ఉత్త నీళ్లు. ఆపై ఎండ.